మాటకు తోడుగా రెక్క: అమెరికా జలపక్షుల వేట గణనలో వేటగాళ్ళ నమూనాల చరిత్ర

వ్యాససంగ్రహం

ఏటా వేటలో చనిపోతున్న వలస బాతులు ఎన్ని, అవి ఏ జాతులవి, వాటిలో పిల్లలెన్ని అన్న ప్రశ్నలకు అమెరికా సంయుక్త రాష్ట్రాలు వేటగాళ్ళ ద్వారానే సమాధానం రాబట్టాయి. వేటగాడు చెప్పిన సంఖ్యతో మొదలైన ఈ గణన, 1961 నుండి అతడు పంపిన రెక్కను కూడా సాక్ష్యంగా స్వీకరించింది. ఈ మార్పుకు దారితీసిన కారణాలను, రెక్కను చదివే పద్ధతిని, దాని ప్రయోజనాలను, పరిమితులను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వేటను అదుపు చేసే సమాచారాన్ని వేటగాడే స్వచ్ఛందంగా అందించడం ఈ చరిత్రలోని కీలకాంశమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జలపక్షులు, వలస మార్గాలు, వేట గణన, రెక్కల సేకరణ, వయోనిర్ణయం, వన్యప్రాణి సంరక్షణ.

1. ఉపోద్ఘాతం

అడవి జంతువును లెక్కించడం కష్టం. వలసపక్షిని లెక్కించడం మరింత కష్టం. కెనడా గడ్డిమైదానాల్లో పొదిగిన బాతు శరత్కాలంలో అనేక రాష్ట్రాలు దాటి మెక్సికో దాకా పోవచ్చు. ఆ దారి పొడవునా లక్షలాది తుపాకులు దానికోసం ఎదురుచూస్తుంటాయి. ఎవరు ఎక్కడ ఏ పక్షిని కొట్టారో ప్రభుత్వోద్యోగులు ప్రతి మడుగు దగ్గరా నిలబడి చూడలేరు. చచ్చిన పక్షిని చేత పట్టుకొని చూసేవాడు వేటగాడు ఒక్కడే. కాబట్టి నష్టానికి కారకుడైనవాడే ఆ నష్టానికి ప్రధాన సాక్షి కూడా అవుతున్నాడు. ఈ సాక్షిని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న చుట్టూనే జలపక్షుల వేట గణన రూపుదిద్దుకొంది.

2. నేపథ్యం: ఒప్పందం, అనావృష్టి, స్టాంపు

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో బాతుల వేట పెద్ద వ్యాపారం. పట్టణాల సంతలకు మాంసం పంపేందుకు వృత్తి వేటగాళ్ళు గుంపులు గుంపులుగా పక్షులను కూల్చేవారు. 1870లలో లాబ్రడార్ బాతు అంతరించింది. 1914లో సిన్సినాటి జంతుప్రదర్శనశాలలో చివరి ప్యాసింజర్ పావురం మరణించింది. 1916లో అమెరికా, కెనడా తరఫున బ్రిటన్ వలసపక్షుల ఒప్పందం చేసుకొన్నాయి. దానిని అమలుపరచే చట్టం 1918లో వచ్చింది. వసంతకాలపు వేట, వేటపక్షుల అమ్మకం ఆగిపోయాయి. వేట కాలాన్ని, రోజుకు ఒక్కొక్కరు కొట్టదగిన పక్షుల సంఖ్యను నిర్ణయించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి వచ్చింది.

అధికారం వచ్చినా దానిని ఉపయోగించడానికి తగిన సమాచారం లేదు. 1930లలో గడ్డిమైదానాల్లో వచ్చిన తీవ్ర అనావృష్టికి మడుగులు ఎండి బాతుల సంఖ్య పడిపోయింది. 1934లో డక్ స్టాంపు చట్టం వచ్చింది. పదహారేళ్ళు నిండిన ప్రతి జలపక్షి వేటగాడూ ఏటా ఆ స్టాంపు కొనాలి. మొదటి స్టాంపు వెల ఒక డాలరు. దాని బొమ్మ గీసింది వ్యంగ్య చిత్రకారుడు, నాటి జీవసర్వే సంస్థ అధిపతి జే డార్లింగ్. 1935లో వేటకాలాన్ని 30 రోజులకు కుదించి, ఎరవేయడాన్ని, బతికిన బాతులను మచ్చికగా కట్టి వేటాడడాన్ని నిషేధించారు.

స్టాంపు అమ్మకం ద్వారా వచ్చిన సొమ్ము చిత్తడినేలల సంరక్షణకు ఉపయోగపడింది. దానితోపాటు మరొక ప్రయోజనం కూడా సిద్ధించింది. దేశంలో జలపక్షుల వేటగాళ్ళు ఎందరో మొదటిసారిగా తెలిసింది. ఇదే కాలంలో ఫ్రెడరిక్ లింకన్, పక్షుల కాళ్ళకు తొడిగిన వలయాలను వేటగాళ్ళు తిరిగి పంపగా వచ్చిన వివరాల ఆధారంగా అట్లాంటిక్, మిసిసిపి, సెంట్రల్, పసిఫిక్ అనే నాలుగు వలస మార్గాలను గుర్తించాడు. 1948 నుండి వేట నియమాలు ఈ మార్గాలవారీగా రూపొందాయి.

3. మాట మీద లెక్క

1952లో ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ జాతీయస్థాయిలో తపాలా ద్వారా వేట వివరాల సేకరణ ప్రారంభించింది. కొన్ని తపాలా కార్యాలయాలను ఎంపికచేసి, అక్కడ స్టాంపు కొన్నవారికి చిరునామా కార్డులు ఇచ్చేవారు. కార్డు నింపి పంపినవారికి వేటకాలం ముగిశాక ప్రశ్నపత్రం వెళ్ళేది. ఎన్ని రోజులు వేటాడారు, ఎన్ని బాతులు కొట్టారు అన్నవి అందులోని ప్రధాన ప్రశ్నలు.

ఈ పద్ధతిలో రెండు లోపాలు బయటపడ్డాయి. మొదటిది జ్ఞాపకానికి, గొప్పకు సంబంధించినది. నెలల తరవాత గుర్తుచేసుకొని రాసేటప్పుడు సంఖ్య పెరగడం సహజం. 1956లో అట్‌వుడ్ ప్రచురించిన అధ్యయనం తపాలా సమాధానాల్లోని ఈ అతిశయాన్ని చర్చించింది. సంఖ్య పెరిగిందని తెలిస్తే గణితం ద్వారా కొంత సరిచేయవచ్చు.

రెండో లోపానికి అటువంటి మందు లేదు. తాను కొట్టినది ఏ జాతి బాతో చాలామంది వేటగాళ్ళకు ఖచ్చితంగా తెలియదు. శరత్కాలపు తొలిరోజుల్లో మగబాతులు కూడా ఆడవాటిలా మట్టిరంగులో ఉంటాయి. పిల్ల ఏదో పెద్ద ఏదో పోల్చుకోవడం మరింత కష్టం. అయితే నియమాలకు కావలసినది సరిగా ఆ వివరమే. 1960ల ఆరంభంలో కాన్వాస్‌బ్యాక్, రెడ్‌హెడ్ బాతుల సంఖ్య తగ్గి వాటి వేటను పూర్తిగా మూసివేయవలసి వచ్చింది. అన్ని బాతులనూ కలిపి చెప్పే సంఖ్య ఎంత నిజమైనా, అటువంటి నిర్ణయానికి పనికిరాదు.

4. రెక్కల సేకరణ

1960లో కార్నీ, గైస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మల్లార్డ్ బాతు వయస్సును, లింగాన్ని ఒక్క రెక్కను చూసి నిర్ణయించవచ్చని చూపారు. 1961 నుండి దేశవ్యాప్తంగా రెక్కల సేకరణ మొదలైంది. 1964లో కార్నీ ఇతర జాతులకు కూడా గుర్తింపు సూచికలు ప్రచురించాడు. దాని విస్తృత రూపం 1992లో వెలువడింది.

సేకరణ విధానం సరళమైనది. ఎంపికైన వేటగాళ్ళకు వేటకాలానికి ముందే తపాలా రుసుము చెల్లించనక్కరలేని కవర్లు అందుతాయి. కొట్టిన ప్రతి బాతు నుండి ఒక్క రెక్కను మాత్రమే కోసి ఒక కవరులో పెట్టాలి. అడవి పెద్దబాతులైతే తోక ఈకలను, రెక్క కొసలను పంపాలి. వేటాడిన తేదీ, రాష్ట్రం, కౌంటీ కవరు మీద రాయాలి. వచ్చిన కవర్లను శీతల గదుల్లో భద్రపరుస్తారు. వేటకాలం ముగిశాక ఒక్కొక్క వలస మార్గానికి చెందిన శాస్త్రజ్ఞులు, రాష్ట్ర ఉద్యోగులు ఒకచోట చేరి కొన్ని రోజులపాటు వాటిని పరీక్షిస్తారు. ఊరివాళ్ళంతా కలిసి చేసే పనికి అమెరికాలో వాడే పాత మాట ఆధారంగా ఈ కూడికకు 'వింగ్ బీ' అన్న పేరు స్థిరపడింది. కొత్తగా వచ్చినవారు నిర్ణయించిన రెక్కలను అనుభవజ్ఞులు మళ్ళీ చూస్తారు.

5. రెక్కను చదివే పద్ధతి

మల్లార్డ్ రెక్కమీద మెరిసే నీలి పట్టీ, దానికి ముందు వెనకల తెల్లని గీతలు ఉంటాయి. వీటి ద్వారా జాతి తెలుస్తుంది. వయస్సుకు ఈకల అరుగుదల ఆధారం. ఆ ఏడు పుట్టిన పిల్ల తొలి ఈకలు ఇరుకుగా, అంచులు చిరిగినట్లు ఉంటాయి. పెద్దపక్షి ఈకలు వెడల్పుగా, గుండ్రని అంచులతో నిగారిస్తాయి. శరీరానికి దగ్గరగా ఉండే ఈకల్లో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది. పిల్ల పెద్దబాతు తోక ఈక చివర చిన్న నొక్కు ఉంటుంది. పుట్టినప్పటి నూగు రాలిపోయిన గుర్తు అది.

అన్ని జాతులూ ఇంత సులభంగా లొంగవు. నీలిరెక్క టీల్, సినమన్ టీల్ రెక్కలను వేరుచేయడం కష్టం. మల్లార్డ్, అమెరికన్ నల్లబాతు కలిసి పుట్టిన సంకర పక్షులు కూడా పరీక్షకులకు చిక్కుముడులే.

6. సంఖ్యకు రెక్క, రెక్కకు వలయం

ప్రశ్నపత్రాలు మొత్తం సంఖ్యను, రెక్కలు ఆ మొత్తంలోని పాళ్ళను చెబుతాయి. ఉదాహరణకు ఒక ప్రాంతంలో 1,000 బాతులు చనిపోయాయని ప్రశ్నపత్రాలు తెలిపితే, అక్కడి నుండి వచ్చిన 100 రెక్కల్లో 40 మల్లార్డ్‌వైతే, 400 మల్లార్డ్‌లు చనిపోయినట్లు అంచనా.

పిల్లల సంఖ్యను పెద్దవాటి సంఖ్యతో భాగిస్తే ఆ ఏటి సంతానోత్పత్తి గురించి తెలుస్తుంది. కాని ఇక్కడ ఒక మెలిక ఉంది. అనుభవం లేని పిల్లబాతులు తుపాకికి సులభంగా చిక్కుతాయి. 60 పిల్ల రెక్కలు, 30 పెద్ద రెక్కలు వచ్చాయనుకొంటే, మడుగులో కూడా పిల్లలు రెట్టింపు ఉన్నాయని చెప్పరాదు. పిల్లలూ పెద్దలూ వేటకు చిక్కే అవకాశాల మధ్య ఎంత తేడా ఉందో కాలి వలయాలు చెబుతాయి. పిల్లలు రెండు రెట్లు ఎక్కువగా చిక్కుతున్నాయని వలయాల ద్వారా తేలితే, అసలు నిష్పత్తి సమానమే. కనుక రెక్క ఒంటరి సాక్ష్యం కాదు. వేటగాడి ఉత్తరం, రెక్క, వలయం ఒకదాని లోపాన్ని మరొకటి పూరిస్తాయి. 1995లో ప్రవేశపెట్టిన అనుకూలన వేట నిర్వహణ విధానానికి కావలసిన సంతానోత్పత్తి అంచనాలు ఇటువంటి సమాచారం నుండే వచ్చాయి.

7. అనుకోని ప్రయోజనాలు

జాతిని తెలుసుకోవడానికి సేకరించిన రెక్కలు విషాలను కూడా బయటపెట్టాయి. హీత్ 1969లో ప్రచురించిన అధ్యయనంలో దేశం నలుమూలల నుండి వచ్చిన మల్లార్డ్, నల్లబాతు రెక్కల్లో డి.డి.టి. వంటి పురుగుమందుల అవశేషాలను కొలిచారు. 1972లో అమెరికా డి.డి.టి. వాడకాన్ని నిషేధించిన తరవాత కూడా రెక్కల పరీక్ష కొనసాగింది. 1972-73 వేటకాలపు రెక్కల ఎముకల్లో సీసాన్ని కొలిచిన మరొక దేశవ్యాప్త అధ్యయనం 1979లో వెలువడింది. మడుగు అడుగున పడిన సీసపు గుళ్ళను గింజలనుకొని మింగి బాతులు చనిపోతున్నాయని బెల్‌రోజ్ 1959లోనే వివరించాడు. జలపక్షుల వేటలో సీసపు గుళ్ళ వాడకం 1991 నాటికి దేశమంతటా నిషిద్ధమైంది. ఈ విధంగా వేటగాడు పంపిన రెక్క, అతడి తుపాకిలోని గుండు మీద కూడా సాక్ష్యం చెప్పింది.

8. విశ్వాసం, పరిమితులు

రెక్క అబద్ధం చెప్పదు. కాని పంపని రెక్క ఏమీ చెప్పదు. గాయపడి రెల్లులో దూరి చనిపోయిన పక్షి, దొంగవేటలో కూలిన పక్షి ఈ గణనకు అందవు. సమాధానం ఇచ్చేవారికీ ఇవ్వనివారికీ వేటలో తేడా ఉంటే అంచనా ఒక వైపుకు ఒరుగుతుంది. చిరునామాల సేకరణ తపాలా గుమాస్తాల శ్రద్ధ మీద ఆధారపడటం కూడా పెద్ద బలహీనతే. 1998 నాటికి దేశమంతటా అమలైన వేట సమాచార పథకం ద్వారా, రాష్ట్రాలే వేటగాళ్ళ పేర్లు నమోదుచేసి పంపే ఏర్పాటు జరిగింది.

అన్నిటికంటే ముఖ్యమైనది వేటగాడి సమ్మతి. రెక్క పంపడం వల్ల అతడికి డబ్బు రాదు. పంపిన పక్షుల జాతి, వయస్సు, లింగం తెలిపే పత్రం మాత్రం తిరిగి వస్తుంది. ఆ రెక్కల లెక్కే మరుసటి ఏడు అతడి వేటను కుదించవచ్చు. నల్లబాతు విషయంలో ఈ ఘర్షణ స్పష్టమైంది. క్షీణిస్తున్న ఆ జాతి వేటను ఆపాలని 1982లో హ్యూమేన్ సొసైటీ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. న్యాయస్థానం వేటను ఆపలేదు. అయినా 1983 నుండి ప్రభుత్వం నల్లబాతు వేట తగ్గింపుకు పూనుకొంది.

9. భారతీయ సందర్భం

భరత్‌పూర్‌లో వేటల వివరాలు చెక్కిన రాతిఫలకాలు నేటికీ ఉన్నాయి. 1938 నవంబరు 12న వైస్రాయి లిన్‌లిత్‌గో బృందం 4,273 పక్షులను కొట్టినట్లు అవి చెబుతాయి. ఆ అంకె వేట వైభవాన్ని చాటడానికి చెక్కినది. పిల్లలెన్ని, పెద్దవెన్ని అన్నది దాని నుండి తెలియదు. వేట నిషిద్ధమయ్యాక భారతదేశంలో రెక్కల సేకరణకు తావు లేకపోయింది. అయితే బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ ఇక్కడ వలయాలు తొడిగిన బాతులు సైబీరియా వైపు వేటగాళ్ళకు చిక్కగా, ఆ వలయాల ద్వారానే వాటి దారులు తెలిశాయి. శీతకాలంలో కొల్లేరు, పులికాట్ సరస్సులకు వచ్చే సూదితోక బాతులు ఆ ఉత్తరదేశాల నుండి వచ్చేవే.

10. ముగింపు

1. వేటగాడి మాట ద్వారా వేట పరిమాణం తెలిసినా, జాతి, వయో వివరాలకు అది చాలలేదు. ఆ లోటును 1961 నుండి రెక్క పూరించింది.
2. రెక్కల నిష్పత్తులకు కాలి వలయాల సవరణ తోడైనప్పుడే సంతానోత్పత్తి అంచనా నమ్మదగినదవుతుంది.
3. భద్రపరచిన నమూనాలు పురుగుమందులు, సీసం వంటి ముందుగా ఊహించని సమస్యల అధ్యయనానికి కూడా ఉపకరించాయి.
4. ఈ గణన వేటగాడి సత్యసంధతపై ఆధారపడటాన్ని తగ్గించింది గాని, అతడి సహకారంపై ఆధారపడటాన్ని తొలగించలేదు. తన వేటను తగ్గించగల సాక్ష్యాన్ని వేటగాడు తానే కవరులో పెట్టి పంపినంతకాలమే ఈ వ్యవస్థ నిలుస్తుంది.