కనుమ దగ్గర రోడ్డు: అపలాచియన్ కాలిబాట దాటుచోట్ల చరిత్ర

అమెరికా తూర్పు భాగాన అపలాచియన్ పర్వతశ్రేణి గట్ల మీదుగా, జార్జియా రాష్ట్రంలోని స్ప్రింగర్ కొండ నుంచి మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ శిఖరం దాకా, 14 రాష్ట్రాల గుండా సాగే అపలాచియన్ కాలిబాట పొడవు సుమారు 2,190 మైళ్లు, అంటే 3,500 కిలోమీటర్ల పైచిలుకు. అడవిబాటగానే పేరుపడినా, సగటున నాలుగు మైళ్లకొకసారి అది ఏదో ఒక రోడ్డును దాటుతుందని నడిచేవాళ్లూ నిర్వహించేవాళ్లూ చెబుతుంటారు. ఈ బాట మీది ఎలుగుబంట్ల గురించీ, పిడుగుల గురించీ, చలి గురించీ రాసినంతగా ఈ దాటుచోట్ల గురించి రాసినవాళ్లు తక్కువ. అయితే బాట వందేళ్ల చరిత్రను రోడ్ల వైపు నుంచి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. రోడ్డు దాటే మనిషి క్షేమం అతని జాగ్రత్త మీద ఆధారపడిన మాట నిజమే గాని, బాటను ఎక్కడ వేశారు, ఆ నేల ఎవరి చేతిలో ఉంది, రోడ్డు వేసినవాళ్లు కాలినడకను లెక్కలోకి తీసుకున్నారా లేదా అన్నవాటి మీద అంతకంటే ఎక్కువగా ఆధారపడుతూ వచ్చింది.

దాటుచోట్లు ఎక్కడ ఏర్పడ్డాయో ముందుగా కొండల తీరే నిర్ణయించింది. రెండు శిఖరాల నడుమ గట్టు కిందికి వంగి పల్లంగా ఉండే చోటును కనుమ అంటారు. కొండకు అవతలి వైపు చేరదలచిన ప్రతి దారీ, ఆదివాసుల కాలిబాటైనా, బండ్ల బాటైనా, కంకర రోడ్డైనా, ఆ కనుమనే వెతుక్కుంటూ వచ్చింది. గట్టు మీదుగా పొడవునా నడిచే బాటకు శిఖరం దిగి మళ్లీ తర్వాతి శిఖరం ఎక్కడానికి అదే కనుమ గుండా పోక తప్పదు. కాబట్టి రోడ్డూ కాలిబాటా కలుసుకునే చోటు సాధారణంగా ఘాట్ రోడ్డు ఎత్తయిన బిందువు దగ్గర, మలుపుల మధ్య పడుతుంది. వాహనం ఎగువకు ఎక్కి ఒక్కసారిగా వాలు దిగబోయే చోట, మోకాళ్లు అలిసేలా నిటారు వాలు దిగివచ్చిన మనిషి రోడ్డు మీద అడుగు పెడతాడు. జార్జియాలోని నీల్స్ కనుమలో ఈ కలయిక కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. స్ప్రింగర్ కొండ నుంచి ముప్పై మైళ్ల పైచిలుకు నడిచివచ్చినవాళ్లు అక్కడ హైవే దాటగానే, 1930ల్లో ప్రభుత్వ ఉపాధి పథకం కింద యువకులు రాతితో కట్టిన భవనం ఎదురవుతుంది. బాట ఆ భవనపు కప్పు కిందుగానే, రెండు గోడల మధ్య నడవలోంచి సాగిపోతుంది.

ఈ బాటను ఊహించిన బెంటన్ మెకాయ్ అటవీశాస్త్రం చదివినవాడు, ప్రాంతీయ ప్రణాళికల మీద పనిచేసినవాడు. 1921 అక్టోబరులో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ పత్రికలో ఆయన రాసిన వ్యాసంలో, నగరాల ఒత్తిడిలో నలిగే శ్రామికులకు కొండల్లో ఒక ఊరట కల్పించే మార్గంగా ఈ బాట ప్రతిపాదన వెలువడింది. ఆ వ్యాసం వెలుగు చూడడానికి తోడ్పడిన క్లారెన్స్ స్టైన్ అనే వాస్తుశిల్పి, హెన్రీ రైట్‌తో కలిసి 1929లో న్యూజెర్సీలో రాడ్‌బర్న్ అనే పట్టణానికి రూపకల్పన చేశాడు. ఇళ్ల నుంచి బడికీ పార్కుకీ పోయే పిల్లలు కారు తిరిగే దారిని ఎక్కడా దాటనవసరం లేకుండా, రోడ్డు కింద నుంచి నడకదారి వేసిన ఊరది. ఈ పద్ధతిలో ఒక దారి మీదుగానో కిందుగానో మరో దారిని పంపి రెంటినీ వేర్వేరు ఎత్తుల్లో ఉంచుతారు. మెకాయ్ 1930లో ఊళ్లు తగలని హైవే అనే భావనను ప్రచారం చేస్తూ రాసిన వ్యాసం కూడా ఈ ఆలోచనకు తోబుట్టువే: మోటారు రోడ్డు రైలుమార్గంలాగా ఊళ్లకు దూరంగా పోవాలి, ఎక్కడపడితే అక్కడ అందులోకి ప్రవేశం ఉండకూడదు, అడ్డదారులు దాన్ని సమతలంలో కోయకూడదు. అంటే కాలిబాటకు తండ్రి అనదగిన మనిషే, వాహనాలకూ నడిచేవాళ్లకూ మధ్య ఎడం ఉండాలని వాదించినవాళ్లలోనూ ముందువరసలో ఉన్నాడు. ఈ రెండు ఆలోచనలనూ కలిపి చూడకపోతే ఆయన తర్వాతి కోపం అర్థం కాదు.

బాటలో మొదటి భాగం 1923 అక్టోబరు 7న న్యూయార్క్ రాష్ట్రంలోని బేర్ మౌంటెన్ నుంచి ఆర్డెన్ దాకా తెరుచుకుంది. మరుసటి ఏడు హడ్సన్ నది మీద బేర్ మౌంటెన్ వేలాడే వంతెన పూర్తయింది. ఆ వంతెన కార్ల కోసం కట్టిందే అయినా, బాట నదిని దాటేదీ దాని మీదుగానే. బాట తొలి రోజుల్లో రోడ్డు శత్రువుగా కనిపించలేదనడానికి ఇది మంచి నిదర్శనం: నగరవాసులు కొండ చేరడానికీ, స్వచ్ఛంద సేవకులు పనిముట్లు మోసుకుపోవడానికీ కూడా రోడ్లే ఆధారమయ్యాయి. చిక్కు తర్వాతి తరంలో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పాలిసేడ్స్ అంతర్రాష్ట్ర పార్క్‌వే అనే నాలుగు వరుసల వేగమార్గం ఇదే కొండల మధ్య నుంచి వేశారు. నేటికీ వెస్ట్ మౌంటెన్, బ్లాక్ మౌంటెన్‌ల నడుమ నడిచేవాళ్లు ఆ రోడ్డును సమతలంలోనే, పరుగెత్తే కార్ల మధ్య సందు చూసుకుని, రెండు వరుసలు దాటి చెట్లున్న నడిమి భాగంలో ఆగి, మళ్లీ రెండు వరుసలు దాటవలసి వస్తోంది. తనకంటే ముందే అక్కడున్న బాటకు ఒక సొరంగదారి గాని వంతెన గాని ఇవ్వకుండా రోడ్డు కట్టడం అప్పటి ఇంజినీర్ల లెక్కలో లోటుగా కనిపించకపోవడం విచారకరం.

దారి మీదికే రోడ్డు వచ్చి పడిన ఉదంతం వర్జీనియాలో ఇంతకంటే ముందే జరిగింది. 1931లో షెనాండోవా కొండల గట్టు మీద స్కైలైన్ డ్రైవ్ అనే విహారమార్గం పని మొదలైంది. కార్లో కూర్చుని లోయల అందం చూడడానికి ఉద్దేశించిన 105 మైళ్ల రోడ్డది. స్వచ్ఛంద సంఘాలు కొన్నేళ్ల ముందే కష్టపడి వేసిన బాట ఉన్న గట్టునే ఆ రోడ్డు ఆక్రమించింది. బాట నిర్వహణకు 1925లో ఏర్పడిన అపలాచియన్ ట్రైల్ కాన్ఫరెన్స్‌కు అప్పటికి అధ్యక్షుడైన మైరన్ ఏవరీ, రోడ్డును ఆపడం తమ చేతిలో లేదని తలచి, ప్రభుత్వ ఖర్చుతో బాటను పక్కకు జరిపి కట్టించుకోవడానికి ఒప్పుకున్నాడు. గట్టు మీద మోటారు చప్పుడు వినబడితే బాట ఉద్దేశమే దెబ్బతింటుందని మెకాయ్ వాదించాడు. ఇద్దరి మధ్య స్నేహం తెగిపోయింది. మెకాయ్ 1935లో వైల్డర్‌నెస్ సొసైటీ అనే అరణ్య పరిరక్షణ సంస్థ వ్యవస్థాపకుల్లో ఒకడయ్యాడు. ఎవరిది సరైన మాట అన్నది ఇప్పటికీ తెగని చర్చే గాని, ఫలితం మాత్రం నేల మీద కనిపిస్తుంది: షెనాండోవా నేషనల్ పార్కులోని సుమారు 101 మైళ్ల బాట స్కైలైన్ డ్రైవ్‌ను 28 సార్లు దాటుతుందని లెక్క. అక్కడి వేగపరిమితి గంటకు 35 మైళ్లే కావడం వల్ల ముప్పు తగ్గింది, అయినా దృశ్యం మీద చూపు నిలిపిన డ్రైవరు రోడ్డు మీది మనిషిని ఆలస్యంగా చూసే ప్రమాదం లేకపోలేదు. ఏవరీ రాజీ లేకపోతే బాట 1937 ఆగస్టులో మెయిన్ అడవుల్లో ఆఖరి ముక్క పూర్తి చేసుకుని ఏకధాటిగా నిలిచేది కాదన్నది కూడా కాదనలేని మాట. ఆ మరుసటి ఏడాది, కేంద్ర ప్రభుత్వ భూముల్లో బాటకు ఇరువైపులా ఒక్కో మైలు మేర సమాంతరంగా కొత్త రోడ్లు వేయకూడదన్న ఒప్పందం కుదిరింది. బాటను రోడ్ల నుంచి కాపాడడానికి రాతపూర్వకంగా గీసిన తొలి గీతల్లో అదొకటి.

రోడ్డును అడ్డంగా దాటడం కంటే రోడ్డు వెంట నడవడమే అప్పట్లో పెద్ద ప్రమాదం. ప్రైవేటు భూముల గుండా పోయే బాట యజమాని మంచితనం మీద నిలిచేది. అతను అమ్ముకున్నా, కంచె వేసినా బాట గత్యంతరం లేక దగ్గర్లోని రోడ్డు మీదికి చేరేది. పెన్సిల్వేనియాలోని కంబర్లాండ్ లోయలో ఈ విధంగా మైళ్ల తరబడి తారురోడ్డు అంచునే నడవాల్సి వచ్చేది. 1948లో మొట్టమొదట ఈ బాటను ఒకే ఏడాదిలో ఆసాంతం నడిచినవాడిగా నమోదైన ఎర్ల్ షేఫర్ చేతిలో దారి చూపే పుస్తకాలు లేవు, వాహనదారుల కోసం అచ్చువేసిన రోడ్డు పటాలతోనే దారి వెతుక్కున్నాడు. 1968 అక్టోబరు 2న వచ్చిన జాతీయ కాలిబాటల చట్టం అపలాచియన్ బాటకు కేంద్ర రక్షణ కల్పించి, దాని మీద మోటారు వాహనాలను నిషేధించింది గాని, నిర్బంధ భూసేకరణను మైలుకు 25 ఎకరాలకే పరిమితం చేసింది. అంత సన్నని పేలికతో బాటను రోడ్డు నుంచి లోపలికి తప్పించడం వీలయ్యేది కాదు. 1978లో చట్టాన్ని సవరించి ఆ పరిమితిని 125 ఎకరాలకు పెంచి, 9 కోట్ల డాలర్ల దాకా ఖర్చుకు అనుమతించారు. ఆ తర్వాతి రెండు దశాబ్దాల్లో కంబర్లాండ్ లోయతో సహా అనేక చోట్ల బాట పొలాల గట్ల మీదికీ చెట్ల నీడలోకీ తిరిగి వచ్చింది. రోడ్డు భద్రతకు ఎవరూ ఈ భూసేకరణ చట్టాన్ని ఉదాహరణగా చెప్పరు, కానీ ఈ బాట చరిత్రలో ఏ హెచ్చరిక బోర్డూ చేయనంత మేలు అదే చేసింది.

1956 నాటి హైవే చట్టంతో దేశమంతా అల్లుకున్న అంతర్రాష్ట్ర రహదారులు బాటకు ఊహించని విధంగా అనుకూలించాయి. వీటిలోకి నడిచేవాళ్లకు ప్రవేశం లేదు కాబట్టి బాటను మీదుగానో కిందుగానో పంపించడం తప్పనిసరైంది. మేరీలాండ్‌లో 70వ నంబరు రహదారి మీదా, మసాచుసెట్స్‌లో 90వ నంబరు రహదారి మీదా కాలినడక వంతెనలు ఉన్నాయి. వర్జీనియాలో 81వ నంబరు కిందుగా బాట పోతుంది. డెలావేర్ నది దగ్గర బాట 80వ నంబరు రహదారి వంతెన మీదే, ఒక అంచున, సిమెంటు గోడ అవతల సాగుతుంది, లారీలు పోతుంటే కాళ్ల కింద వంతెన అదురుతుంది గాని గోడ మాత్రం కాపాడుతుంది. మెకాయ్ 1930లో కోరిన ఎత్తు తేడా, ఈ మోటారు రోడ్ల పుణ్యమా అనే, ఆయన బాటకు దక్కింది. అపాయమంతా మధ్యతరహా రోడ్ల మీద మిగిలిపోయింది: వంతెన కట్టేంత పెద్దవీ కాక, వాహనాలు నెమ్మదించేంత చిన్నవీ కాక, గంటకు 55 మైళ్ల వేగంతో కనుమలు దాటే రాష్ట్ర రహదారులు.

అటువంటి రోడ్డు మీద లెక్క ఎలా ఉంటుందో చూడవచ్చు. పన్నెండేసి అడుగుల వెడల్పున్న రెండు వరుసలు కలిపి 24 అడుగులు. బరువైన సంచీతో నడిచే మనిషి సెకనుకు 1.2 మీటర్ల చొప్పున దాన్ని దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఆ ఆరు సెకన్లలో 55 మైళ్ల వేగంతో వచ్చే వాహనం సుమారు 150 మీటర్లు ముందుకు వస్తుంది. అంటే మలుపు అంతకంటే దగ్గరగా ఉంటే, రోడ్డు ఖాళీగా ఉందని చూసి అడుగు వేసిన మనిషి కూడా మధ్యలో చిక్కుకోవచ్చు. ఇది అజాగ్రత్త కిందికి రాదు, చోటు తప్పు. బాట వేసేవాళ్లు ఈ సంగతి అనుభవంతో నేర్చుకున్నారు. మలుపు దగ్గర దాటే బాటను అటూ ఇటూ దూరం కనిపించే చోటికి జరపడం, రోడ్డును ఏటవాలుగా కాక లంబంగా కోసేలా తిప్పడం, వాలు దిగే ఊపులో మనిషి నేరుగా రోడ్డు మీదికి రాకుండా చివర ఒక చిన్న వంపు పెట్టడం వాళ్ల పనితనంలో భాగమయ్యాయి. బాట గుర్తుగా చెట్ల మీద వేసే రెండంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు గల తెల్లరంగు పట్టీ కూడా ఇక్కడ పనికొస్తుంది: ఒకదాని మీద ఒకటిగా రెండు పట్టీలు కనబడితే ముందు జాగ్రత్తగా చూడమని అర్థం. రోడ్డు అవతలి గార్డు రెయిలింగు మీదో కరెంటు స్తంభం మీదో పట్టీ స్పష్టంగా ఉంటే, దారి ఎటు పోయిందా అని మనిషి తారు మీద నిలబడి వెతకనవసరం ఉండదు. న్యూజెర్సీలోనూ వర్జీనియాలోనూ స్థిరపడి సెలవు రోజుల్లో ఈ కొండలెక్కే తెలుగువాళ్లు మరొకటి కూడా గుర్తుంచుకోవలసి ఉంటుంది. భారతదేశంలో ఎడమ వైపు నడిచే వాహనాలకు అలవాటుపడిన కళ్లు దాటేముందు కుడివైపే మొదట చూస్తాయి. అమెరికాలో దగ్గరి వరుసలో వాహనం వచ్చేది ఎడమ నుంచి. మెయిన్ అడవుల్లో కలప కంపెనీల ప్రైవేటు రోడ్ల మీదనైతే దుంగల లారీదే ముందు హక్కు, నడిచేవాళ్లు పక్కకు తప్పుకోవలసిందే.

నదుల దగ్గర వచ్చిన మార్పు ఇంకా నిదానమైనది. వర్జీనియాలో జేమ్స్ నదిని దాటడానికి ఏళ్ల తరబడి నడిచేవాళ్లు హైవే వంతెన అంచునే పోయేవారు. పాడుబడిన రైలు వంతెన తాలూకు రాతి స్తంభాలు నదిలో నిలిచి ఉండడంతో, వాటి మీదే 625 అడుగుల కాలినడక వంతెన నిర్మించి 2000లో తెరిచారు. దానికోసం పాటుపడిన విలియం ఫుట్ పేరే దానికి పెట్టారు. న్యూజెర్సీలోని పోచక్ చిత్తడినేల వల్ల సుమారు రెండు మైళ్లు రోడ్డు మీద చుట్టు తిరగవలసిన అవస్థను, స్వచ్ఛంద సేవకులు కొన్నేళ్ల శ్రమతో వేసిన చెక్కబాట 2002లో తీర్చింది.

ఇటీవలి మార్పు దాటేవాళ్ల సంఖ్యలో వచ్చింది. వర్జీనియాలో రోనోక్ నగరానికి దగ్గరగా మెకాఫీ నాబ్ అనే బండ కొన ఉంది. గాలిలోకి పొడుచుకు వచ్చిన ఆ రాయి మీద ఫొటో దిగడానికి ఒక్కరోజు యాత్రికులు వేల సంఖ్యలో వస్తారు. కార్లు నిలిపే స్థలం 311వ నంబరు రాష్ట్ర రహదారికి ఒక పక్క, కొండకు పోయే బాట మరో పక్క ఉండడం వల్ల, పిల్లలతో సహా కుటుంబాలు కనుమ మలుపుల మధ్య ఆ రోడ్డు దాటుతూ వచ్చాయి. చివరికి 2020ల్లో వర్జీనియా రవాణా శాఖ అక్కడ పాదచారుల వంతెన నిర్మాణం చేపట్టింది. జార్జియా నుంచి మెయిన్ దాకా నడిచే కొద్దిమంది దశాబ్దాలుగా దాటిన చోటే అది. వంతెన రావడానికి మాత్రం ఆదివారం కార్లలో వచ్చే జనం పెరగవలసి వచ్చింది.