గడి గడికీ ఒక కథ

మాది జనగామ, సాలోళ్లం. మా చిన్నప్పుడు కూనపులోళ్లు వాకిట్లో పటం కట్టి మార్కండేయ పురాణం చెప్పేటోళ్లు. పటం గీసేది పక్కనే చేర్యాల నకాషీలు: ఖాదీ గుడ్డ, సుద్ద, చింతగింజల జిగురు. పటమంతా ఒక్కసారే విప్పరు, కథకు కావలసిన గడే చూపుతారు.

2000లో కాలిఫోర్నియాలోని శాంతాక్రజ్‌లో జిమ్ కెంట్ బృందం మానవ జన్యుక్రమం తొలి కూర్పును ఇంటర్నెట్‌లో పెట్టింది. అదీ పటమే అనిపిస్తుంది నాకు! మూడు వందల కోట్ల అక్షరాల్లో మనకు కావలసిన గడి తెరుచుకుంటుంది. 2011లో పటాన్‌చెరు ఇక్రిశాట్ నాయకత్వంలో మన కంది 'ఆశ' రకం జన్యుక్రమం కూడా బయటికొచ్చింది. అందులో 48,680 జన్యువులని లెక్క.

మా పటం మా కులానికే, ఈ జన్యుపటం అందరికీ. శాంతాక్రజ్‌ వాళ్లు పాత కూర్పులనూ దాచారు. కూనపులోళ్లు మాత్రం కొత్తది గీయించాక పాత పటాన్ని పూజచేసి ఏట్లో కలిపేస్తారు.