నిజాము రాష్ట్రమున పాటయు యువజన ప్రవర్తనమును: 1938 నాటి ఉదాహరణము

హైదరాబాదు పాతబస్తీలోని మాదన్నపేట గోలకొండ మంత్రి మాదన్న పేర వెలసినదని ప్రతీతి. ఆతని మేనల్లుడని సంప్రదాయము చెప్పు కంచెర్ల గోపన్న కీర్తనలు ఊరూర భజనగోష్ఠులలో నేటికిని వినవచ్చుచున్నవి. ఒకడు ఎత్తుకొనగా పదిమంది అందుకొను ఈ పద్ధతియే, పాట ప్రవర్తనముగా పరిణమించుటకు తొలిమెట్టని నా తలంపు. పదుగురితో గొంతు కలిపినవాడు తానొక పక్షమున నిలిచినట్లు ప్రకటించుకొనినవాడే యగును.

జనప్రియమైన పాట యువకులను చెఱచునా, దిద్దునా యను వాదము పాతదే. దానికి తగిన పరీక్ష మూసీకి ఆవలివైపున, ఉస్మానియా విశ్వవిద్యాలయమున జరిగినది. 1938 నవంబరు చివర వసతిగృహముల ప్రార్థనామందిరములలో హిందూ విద్యార్థులు వందేమాతర గీతమును పాడిరి. అధికారులు నిషేధించిరి. విద్యార్థులు సమ్మె కట్టిరి, బహిష్కృతులైరి. ఉద్యమము వరంగల్లునకును ప్రాకెను. పలువురికి నాగపూరు విశ్వవిద్యాలయము చోటిచ్చినది. ఉద్యమమున పాల్గొని పిదప నాగపూరున చదివినవారిలో పి.వి. నరసింహారావు ఒకరు.

ఇచ్చట నొక చిక్కు కలదు. బంకించంద్రుని ఆ గీతము 1882లో గ్రంథరూపమున వెలువడిన 'ఆనందమఠము'లోనిది, సంస్కృత వంగభాషామిశ్రితము. తెలంగాణ పల్లెనుండి వచ్చిన పిల్లవానికి దాని ప్రతిపదార్థము తెలిసియుండెనని చెప్పజాలము. కావున వారిని కదల్చినది పదముల యర్థము మాత్రమే కాదు. నిషేధమే దానికి క్రొత్త యర్థమును కల్పించినది. నిన్నటి ప్రార్థన మఱునాటికి ధిక్కారమాయెను. బండి యాదగిరి 'బండెనక బండి కట్టి' పాట తెన్ను వేఱు. అది ప్రజల నుడికారముననే పుట్టి, సాయుధపోరాట కాలమున (1946–51) నిజామును నేరుగా నిలదీసినది. పశులకాపరికిని దానికి టీక అక్కఱలేదు. 'మాభూమి' చిత్రమున గద్దరు పాడగా అది మఱియొక తరమునకు చేరినది.

అయితే పాట కలుపుటయే గాక వేఱుపఱచుటయు కలదు. వందేమాతరములోని దేవీస్తుతిపై ముస్లిములు తెలిపిన అభ్యంతరములను గమనించి, 1937 అక్టోబరులోనే కాంగ్రెసు కార్యవర్గము జాతీయసభలలో తొలి రెండు చరణములనే పాడవలెనని తీర్మానించియుండెను. ఉస్మానియా సమ్మెను వర్ణించు రచనలు పెక్కు ఈ సంగతిని దాటిపోవుట చరిత్రకు మేలు చేయదు.

విద్యాలయముల వెలుపలను ఆ గీతప్రభావము వ్యాపించెను. ఆర్యసమాజ కార్యకర్తయగు వావిలాల రామచంద్రరావు చెరసాలలో కొరడాదెబ్బ పడినప్పుడెల్ల వందేమాతరమని కేకవేసెనందురు. అటుపిమ్మట ఆయనకు 'వందేమాతరం' ఇంటిపేరైనది. సోదరుడు వీరభద్రరావును ఆ పేరుతోనే ప్రసిద్ధుడయ్యెను.