చెరకులో పందికి ఏ గుండు? ఒక్క తూటా తుపాకీలో మందు, గుండు ఎంపిక

సూరత్ పేరు వింటే తెలుగువాళ్లకు చీరలు, మరమగ్గాలు, వాటి మీద బతికే మన పద్మశాలీ కుటుంబాలు గుర్తొస్తాయి. నగరం దాటి బార్డోలీ, మహువా, మాండవి వైపు వెళితే మాత్రం కనుచూపు మేరా చెరకే. ఆ చెరకులో అడవిపందులు దాక్కుంటాయి, చిరుతలు పిల్లల్ని పెడతాయి. కోత కాలంలో డాంగ్ నుంచి, ఖాందేశ్ నుంచి వచ్చే కూలీల గుడిసెలు కూడా పొలాల పక్కనే వెలుస్తాయి. ఇలాంటి చోట పంటను కాపాడుకోవడానికి తుపాకీ పట్టినవాడు గుండు పందిని పడేస్తుందా అనడంతో ఆగలేడు. పందిని దాటి ఎక్కడికి పోతుందో కూడా చూసుకోవాలి. తెలంగాణ మొక్కజొన్న చేలలోనూ లెక్క ఇదే.

ముందు చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం సరదా వేటకు దేశంలో ఎక్కడా అనుమతి లేదు. పంటకు, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు 11వ సెక్షన్ కింద రాతపూర్వక అనుమతితో మాత్రమే అడవిపంది, మనుబోతు వంటి వాటిని కాల్చవచ్చు. 2022 సవరణ తర్వాత ఈ రెండూ రెండో షెడ్యూల్‌లో ఉన్నాయి. చిరుత మొదటి షెడ్యూల్ జంతువు. చీకట్లో చెరకు కదిలిందని కాల్చి చిరుతను చంపితే, పంది అనుకున్నానన్న మాట కోర్టులో అక్కరకు రాదు.

తుపాకీ విషయంలో 1959 ఆయుధ చట్టం 13వ సెక్షన్ ఆసక్తికరంగా ఉంటుంది. పంట రక్షణ కోసం లైసెన్స్ ఇచ్చేటప్పుడు ఆ సెక్షన్ మొదట పేర్కొన్నది మజిల్ లోడర్‌నే, అంటే గొట్టం మూతి నుంచి మందు, గుండు దట్టించే తుపాకీని. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితేనే లోపల మరలు లేని, నున్నటి గొట్టం ఉన్న మరో తుపాకీకి అనుమతి. పాతకాలపు ఆలోచనలా కనిపించినా ఇందులో తెలివి ఉంది. గుండ్రటి సీసపు గుండుకు గాలి ఎక్కువగా అడ్డుపడుతుంది, వంద గజాలు దాటేసరికి దాని వేగంలో పెద్ద భాగం పోతుంది. రైఫిల్ తూటా అలా కాదు, కిలోమీటర్లు పోగలదు. గుడిసెల మధ్య కాల్చాల్సి వచ్చినప్పుడు తక్కువ దూరం పోవడమే గుణం.

గుండు బరువును బోరు సంఖ్యే చెబుతుంది. ఒక పౌను సీసంతో, అంటే సుమారు 454 గ్రాములతో, గొట్టానికి సరిపడే గుండ్లు 12 పోయగలిగితే అది 12 బోరు. లెక్కవేస్తే ఒక్కో గుండు దాదాపు 38 గ్రాములు, వ్యాసం 18.5 మిల్లీమీటర్లు. 20 బోరు గుండు 23 గ్రాములకు కాస్త తక్కువ. మగ అడవిపంది భుజం మీద డాలు లాంటి దళసరి పొర ఉంటుంది. తేలిక గుండు అక్కడే అణిగిపోవచ్చు, బరువైన గుండు నెమ్మదిగా వెళ్లినా లోపలికి దిగుతుంది. అందుకే ఈ తరహా తుపాకీలో వేగం కంటే బరువును నమ్ముకోవాలి.

సీసం మెత్తగా ఉండాలి. స్వచ్ఛమైన సీసం తక్కువ వేగంలోనూ కండలో వెడల్పవుతుంది. ఆంటిమనీ కలిసిన పాత టైరు బరువుల సీసం గట్టిగా ఉండి సన్నటి రంధ్రం చేసుకుని అవతలికి పోతుంది. ఇక నాటు తుపాకుల్లో దట్టించే సైకిల్ బేరింగు గుళ్లు, ఇనుప ముక్కలు అన్నిటికంటే చెడ్డవి. గొట్టాన్ని గీరేస్తాయి, ఎటు పోతాయో తెలియదు, జంతువును చంపకుండా కుళ్లబెడతాయి.

మందు పెంచితే దెబ్బ పెరుగుతుందన్నది పల్లెల్లో బలంగా ఉన్న నమ్మకం. కొంతవరకే నిజం. నల్లమందు కాలినప్పుడు సగానికి పైగా పొగగా, మసిగా మిగిలే ఘనపదార్థమే. ఒక హద్దు దాటాక అదనపు మందు భుజానికి తన్నడానికి, పొగకు తప్ప గుండుకు పెద్దగా పనికిరాదు. తయారీదారు చెప్పిన కొలతే కొలత. ఇంట్లో నూరిన మందు నేరమే కాదు, ప్రతి పిడికీ బలం మారుతుంది, కాబట్టి గురికి అర్థమే ఉండదు. తూటాలు విప్పి తీసిన పొగలేని మందును మజిల్ లోడర్‌లో పోస్తే గొట్టం పగలడం ఖాయమనుకోవాలి. గుండుకు, మందుకు మధ్య ఖాళీ ఉన్నా ప్రమాదమే. దట్టించే కడ్డీ మీద గీత పెట్టుకుని, గుండు అడుగుదాకా దిగిందో లేదో ప్రతిసారీ చూడాలి.

వెనక నుంచి తూటా పెట్టే 12 బోరు ఒంటి గొట్టం తుపాకీ ఉన్నవాళ్లు ఎల్‌జీ, ఎస్‌జీ తూటాలు వాడతారు. అవి చెదిరే గుళ్లు. ముప్పై మీటర్లు దాటితే ఒకటి రెండు మాత్రమే తగిలి పంది గాయంతో చెరకులో దూరుతుంది. ఒంటి గుండు తూటా నయం, అయితే గొట్టం మూతి బిగువుగా, అంటే ఫుల్ చోక్‌తో ఉంటే, ఆ గుండు అందులోంచి తేలిగ్గా పోయే సైజేనని నిర్ధారించుకోకుండా కాల్చకూడదు.

ఈ చర్చ కొత్తది కాదు. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టినీ-హెన్రీ ఒక్క తూటా రైఫిల్‌లో 480 గ్రెయిన్ల (31 గ్రాముల) సీసపు గుండు, 85 గ్రెయిన్ల నల్లమందు ఉండేవి. వేటగాళ్లు తర్వాత ఎక్స్‌ప్రెస్ రైఫిళ్ల వైపు మళ్లారు. వాటిలో గుండు తేలిక, ముక్కు బోలు, మందు ఎక్కువ. జింకలకు అది బాగానే పనిచేసింది. పెద్ద జంతువుల మీద బోలు గుండు పైపైనే చితికిపోతోందని శామ్యూల్ బేకర్ గట్టిగా విమర్శించి, గట్టి ముక్కున్న స్వచ్ఛమైన సీసపు గుండునే సమర్థించాడు. మనుబోతు విషయంలో ఆయన మాట ఇప్పటికీ పనికొస్తుంది. రెండు క్వింటాళ్లు తూగే మగ మనుబోతును యాభై మీటర్ల అవతల మజిల్ లోడర్‌తో కాల్చడం దాన్ని గాయపరచడమే. అక్కడ అటవీశాఖ అనుమతించిన షూటర్ పెద్ద రైఫిల్‌తో రావాలి.

గుండు ఎంత మంచిదైనా, చదును నేలలో అడ్డంగా కాలిస్తే అవతల ఏముందో చూడలేం. మంచె మీంచి కిందికి కాలిస్తే జంతువును దాటిన గుండు నల్లరేగడిలో దిగిపోతుంది. పంది పక్కకు తిరిగి నిలబడ్డాకే, ముంగాలు వెనక, కింది మూడో వంతులో గురిపెట్టాలి. రెండో గుండు వెంటనే రాదు కాబట్టి అనుమానంగా ఉంటే వదిలేయాలి. దెబ్బతిన్నది చెరకులో దూరితే అరగంటైనా ఆగి, వెలుతురులో ఇంకొకరితో కలిసి వెతకాలి.

సముద్రపు గాలి తగిలే ఆ ప్రాంతంలో నల్లమందు మసి తేమను పీల్చి ఒక్క రాత్రిలో గొట్టాన్ని తుప్పు పట్టిస్తుంది. కాల్చిన రోజే వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి.