గట్టు మీద వేపచెట్టు కొట్టాలా? నీడ లెక్క, ఎండ లెక్క

మొన్న మా పక్క చేను బాబాయి చెట్లు కోసే మిషన్ అద్దెకి తెచ్చి నన్ను పిలిచాడు. మా ఇద్దరి గట్టు మీదున్న వేపచెట్టు కొట్టేయాలంట. "అబ్బాయ్, దీని నీడకి ఏటా నాలుగు సాళ్లు మిరప పోతంది. పూత నిలవదు, మొక్క సన్నగా పుల్లలాగా పైకి పోద్ది. దీన్ని ఉంచి ఏం లాభం?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ మిరప కోతలప్పుడు రెండు చేల కూలీలూ అన్నం తినేది ఆ చెట్టు కిందే. "రెండు రోజులు ఆగు బాబాయ్" అన్నా. ఆ రెండు రోజుల్లో చదివిందీ ఆలోచించిందీ ఇక్కడ రాస్తన్నా. కాస్త పొడుగే, ఓపిక పట్టండి.

నీడ కోసం చెట్టు పెట్టటం మన నేల మీద చాలా పాత పని. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. 2,200 ఏళ్ల పైమాట. దారుల వెంట మనుషులకీ పశువులకీ చెట్లు నాటించి బావులు తవ్వించానని, మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించానని ఆయన అందులో చెప్పుకున్నాడు. దారికి చెట్టు చల్లన, సరే. మరి చేలో చెట్టు సంగతేంది?

ఇక్కడ ఒక తమాషా ఉంది. మిరపకాయ మనది కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల మీద దాదాపు 500 ఏళ్ల కిందట మన దేశానికొచ్చింది. అంతకుముందు కూరల్లో కారమంటే మిరియాలే. మిరియం తీగ చెట్టుని పట్టుకుని ఎగబాకుద్ది, నీడలో బతుకుద్ది. మిరపకి నారుమడిలో నాలుగు రోజులు నీడ కావాలి (ఒకప్పుడు గడ్డి కప్పేవాళ్లు, ఇప్పుడు షేడ్‌నెట్), చేలోకి వచ్చిందంటే మాత్రం నిండా ఎండ కావాలి. పేరు చూస్తే మిరియానికి చుట్టంలాగా ఉంటది, బుద్ధి దానికి పూర్తిగా ఎదురు. మన నాలుక నీడ మొక్కని వదిలి ఎండ మొక్కని పట్టుకుంది. గట్టు మీద చెట్టుకి శత్రువులు పుట్టటంలో దానికీ కొంత పాలుంది.

ఇంకొంత పాలు పొగాకుది. 1920ల నుంచి గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు పెరిగింది. దానికీ ఎండే కావాలి, పైగా బ్యారన్‌లో ఆకు కాల్చటానికి బళ్లకొద్దీ కట్టెలు కావాలి. ఆ తర్వాత 1967 ఆగస్టులో సాగర్ కాలువలకి నీళ్లొదిలారు. నీళ్లందిన చేలో సెంటు భూమి కూడా లెక్కలోకొచ్చింది. గట్టు సన్నబడింది, చెట్టు పోయింది.

పోయిన చెట్లలో నాకు ఎక్కువ బాధనిపించేది నల్లతుమ్మ. సన్నటి ఆకు, కింద ఎండ పొడ పడుద్ది. దాని చుట్టూ జొన్న వేసుకునేవాళ్లు. నాగలికీ బండికీ కర్ర అదే, మేకలకి కాయలూ అవే. దాని బదులు ఇప్పుడు ఖాళీ నేల ఎక్కడ కనపడితే అక్కడ సర్కారు తుమ్మే. అది దానంతటది రాలేదు. బెడ్డోమ్ అనే ఇంగ్లీషు అటవీ అధికారి అడిగితే జమైకా నుంచి విత్తనం తెప్పించి, 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. కట్టెల కరువు తీరుద్దని వాళ్ల ఆలోచన. తీరింది కూడా, కాదనను. కానీ అది ఎండని నమ్ముకున్న చెట్టు. మనం నీడచెట్టు కొట్టి నేల ఖాళీ పెట్టిన ప్రతిచోటా మేకల పెంటలో గింజలు వచ్చి మొలిచింది. ఇప్పుడు దాన్ని పీకటానికి జేసీబీ పెడతన్నాం.

నీడని పంటగా చేసుకున్నోళ్లు మన రాష్ట్రంలోనే ఉన్నారు. పొన్నూరు వైపు ఆకుతోటలు చూడండి. ముందు అవిసె గింజలు సాళ్లుగా వేసి, మొక్కలు నడుమెత్తు వచ్చాక మొదట్లో తమలపాకు తీగ పెడతారు. అవిసె ఆకు సన్నం, ఎండని జల్లెడ పట్టినట్టు వదులుద్ది. నీడ ఎక్కువైతే కొమ్మలు నరికి గేదెలకి వేస్తారు. అరకులో కాఫీకి సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్టు మీదికే మిరియం తీగ. ఆ కాఫీకి 2019లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మన రెంటచింతల ఎండలో కాఫీ పెట్టమని నేననటం లేదు. చెట్టు నీడ కూడా ఎరువులాంటిదే, మోతాదు తెలిసి వాడుకున్నారు అంటన్నా.

ఇక మన గట్టు లెక్క. మిరప చేలో ఉండే చలికాలమంతా సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు. డిసెంబరు చివర్లో 30 అడుగుల చెట్టుకి మిట్టమధ్యాహ్నం 25 అడుగుల దాకా నీడ పడుద్ది, అదీ ఉత్తరం వైపే. అంటే దక్షిణం గట్టు మీద చెట్టు పెడితే నీ చేనే నష్టపోద్ది. ఉత్తరం గట్టున పెడితే నీడ అవతలికి పోద్ది, అక్కడ డొంకో వాగో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. పక్కనోడి చేనుంటే ముందు మాట్లాడుకోవాలి. నేను ఇది తెలియక పన్నెండేళ్ల కిందట దక్షిణం గట్టు మీద జామాయిల్ పెట్టా. నీడ ఒకటి, వేళ్లు నీళ్లు లాగటం ఒకటి, పది సాళ్లు ఎండినట్టే అయ్యాయి. వేళ్లు పీకించటానికి అయిన ఖర్చు కట్టె అమ్మినా రాలా.

ఇంటి పెరడుకీ ఇదే. వేప కింద మల్లె పెట్టి పూయటం లేదని తిట్టుకునే వాళ్లని చూశా. మల్లెకి, కరివేపకి, వంగకి ఎండ కావాలి, వాటిని గోడకి దక్షిణాన పెట్టండి. చెట్టు కింద పొడ ఎండలో పసుపు, అల్లం, కంద, కనకాంబరం వస్తాయి.

బాబాయి దగ్గరికి వస్తా. ఆ వేప ఆయన చేనుకి దక్షిణాన, నా చేనుకి ఉత్తరాన ఉంది. నీడ నష్టమంతా ఆయనది, నాకు పైసా పోదు. అట్లాంటప్పుడు "కొట్టొద్దు బాబాయ్" అనటం నాకు తేలికే గదా! అందుకని నేనే ఒక మాట అన్నా. ఏటా దసరాకి ఉత్తరం వైపు కొమ్మలు, కింది కొమ్మలు తీయిద్దాం, కూలి నాది. ఆ నాలుగు సాళ్లలో మిరప మానేసి గినీ గడ్డి వెయ్యి, అది కొంచెం నీడకి తట్టుకుంటది, గడ్డి నా గేదెలకి నేనే కొంటా. ఆయన కాసేపు చెట్టు కేసి చూసి, "గడ్డి రేటు ఇప్పుడే మాట్లాడుకోవాల" అన్నాడు. ఇంకా తెగలేదు. మిషన్ మాత్రం వెనక్కి పంపాడు.

మీ దక్షిణం గట్టు మీద ఏ చెట్టుంది, దాని కింద ఏం వేస్తన్నారు? కింద రాయండి, బాబాయికి చదివి వినిపిస్తా.