పనిచికిత్స: కుష్ఠు అనంతర చేతిపనితీరు పునరుద్ధరణ, ఉత్తరాంధ్ర

జబ్బు, గాయం లేదా పుట్టుకతో వచ్చిన లోపం వల్ల తినడం, కట్టుకోవడం, వండడం, పొలానికి వెళ్లడం వంటి నిత్యకృత్యాలకు దూరమైన వ్యక్తిని తిరిగి ఆ పనుల్లోకి తీసుకువచ్చే చికిత్సాశాస్త్రాన్ని ఆక్యుపేషనల్ థెరపీ అంటారు. తెలుగులో దీనికి ‘వృత్తి చికిత్స’ అన్న అనువాదం వాడుకలో ఉన్నా, వృత్తి అనగానే జీతం వచ్చే ఉద్యోగమో కులవృత్తో స్ఫురించడం వల్ల అది కొంత పెడదారి పట్టించే మాట. స్నానం చేయడం, మనవణ్ణి ఎత్తుకోవడం, వాకిట్లో ముగ్గు పెట్టడం కూడా ఈ శాస్త్రం దృష్టిలో ‘ఆక్యుపేషన్’లే కనుక ఈ వ్యాసంలో ‘పనిచికిత్స’ అన్న మాటనే వాడడమైనది. ఫిజియోథెరపీతో దీనికి దగ్గరి చుట్టరికం ఉంది. కీలు ఎంత వంగుతోంది, కండరం ఎంత బలంగా ఉంది అన్నది ఫిజియోథెరపీ ప్రధానంగా చూస్తే, ఆ కీలుతో, ఆ కండరంతో మనిషి ఏ పని చేసుకోగలుగుతున్నాడు అన్నది పనిచికిత్స చూస్తుంది. అయితే జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో ఈ రెండు పనులూ తరచు ఒకే మనిషి మీద పడతాయి.

ఈ రంగం సంస్థాగతంగా అమెరికాలో 1917లో రూపుదిద్దుకుంది. మన దేశంలో దీనికి పునాది వేసినవారు అమెరికాలో పుట్టి, మహారాష్ట్రకు కోడలుగా వచ్చిన కమలా నింబ్కర్. బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో విభాగం మొదలైన ఏడాదిని కొందరు కొంత ముందుకు జరిపినా, శిక్షణ పాఠశాల ఏర్పడినది 1950లో అన్నది ఎక్కువ మంది అంగీకరించే లెక్క. అఖిల భారత సంఘం, ప్రపంచ సమాఖ్య రెండూ 1952లో ఏర్పడగా, ప్రపంచ సమాఖ్య వ్యవస్థాపక సభ్యదేశాల్లో భారత్ ఒకటి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతానికి సంబంధించినంతవరకు ఈ శాస్త్రం పట్టభద్రుల కళాశాలల ద్వారా కాక, కుష్ఠు ఆసుపత్రుల ద్వారా అడుగుపెట్టిందనడం సమంజసం. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ దారినే అనుసరిస్తుంది.

రోగం, ప్రాంతం

1950లో విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం, 1979లో ఆ రెండు జిల్లాల భాగాలతో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలుగా ఏర్పడినందువల్ల పాత వైద్య నివేదికల్లోని ‘శ్రీకాకుళం జిల్లా’, ‘విజయనగరం జిల్లా’ నేటి సరిహద్దులతో సరిపోవు; మునుపు విజయనగరం జిల్లాలో ఉండి నేడు పార్వతీపురం మన్యంలో చేరిన సాలూరు ఇందుకు మంచి ఉదాహరణ. ‘పెద్దరోగం’ అని జనం గొంతు తగ్గించి పిలుచుకునే కుష్ఠు ఈ తీరంలో ఒకప్పుడు చాలా హెచ్చుగా ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయన బృందం 1981లో రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ మందులను కలిపి ఇచ్చే బహుళ ఔషధ చికిత్సను సిఫారసు చేశాక, 1980ల ప్రథమార్ధంలోనే దాన్ని అందుకున్న తొలి జిల్లాల జాబితాలో శ్రీకాకుళం, విజయనగరం రెండూ ఉన్నట్టు కార్యక్రమ చరిత్రలు చెబుతాయి. జాతీయ స్థాయిలో పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ అన్న ‘నిర్మూలన’ లక్ష్యాన్ని 2005 డిసెంబరు నాటికి చేరుకున్నట్టు ప్రకటించారు.

మందు సూక్ష్మజీవిని చంపుతుంది గాని అప్పటికే చచ్చుబడిన నరాన్ని బతికించదు. ఈ ఒక్క సంగతి వల్లనే, రోగం నయమైనట్టు చీటీ రాసి పంపిన తరువాత కూడా పనిచికిత్సకు పని మిగిలి ఉంటుంది.

చేయి ఎలా పట్టు కోల్పోతుంది

మోచేతి వెనుక చర్మానికి దగ్గరగా సాగే అల్నార్ నాడి దెబ్బతిన్నప్పుడు అరచేతిలోని చిన్న కండరాలు చచ్చుబడి, చిటికెన వేలు, ఉంగరపు వేలు మొదటి కణుపు దగ్గర వెనక్కి విరిగినట్టయి, చివరి కణుపుల దగ్గర కొంకర్లు పోతాయి. మణికట్టు దగ్గర మీడియన్ నాడి కూడా దెబ్బతింటే బొటనవేలు మిగిలిన వేళ్లకు ఎదురుగా రాలేదు. మామూలు చేయి లోటాను పట్టుకుంటే వేళ్లు మొత్తం పొడవునా దానిని చుట్టుకుంటాయి. కొంకర్లు పోయిన చేతిలో వేలికొసలు ముందుగా తగిలి, బరువంతా గోళ్ల కింది మెత్తటి భాగం మీద పడుతుంది. అక్కడ స్పర్శ లేనందున పుండు పడినా తెలియదు.

అన్నం తినడాన్ని గమనిస్తే నష్టం ఇంకా స్పష్టమవుతుంది. కలపడానికి నాలుగు వేళ్లు, ముద్ద చేయడానికి అరచేతి అంచు, ముద్దను నోట్లోకి తోయడానికి బొటనవేలు కావాలి. ఎడమ చేతితో తినే ఆచారం లేదు కాబట్టి కుడిచేయి పోతే ఎడమచేయి ఆ లోటు తీర్చదు. చెంచా చక్కటి పరిష్కారమే, కాని బంతి భోజనంలో చెంచా పట్టిన మనిషి అందరి కళ్లలో పడతాడు. దాచుకోదలచిన రోగాన్ని చెంచాయే చాటుతుంది. ఇక వంటింట్లో గంజి వార్చడం, మసిగుడ్డతో గిన్నె దించడం, కత్తిపీట మీద కూర తరగడం మూడూ స్పర్శ లేని చేతికి మూడు వేరువేరు ప్రమాదాలు. పలాస, కాశీబుగ్గ ప్రాంతంలో జీడిపిక్కలు కొట్టే పని వీటికి మరొకటి కలుపుతుంది: తొక్కలోని జిగురు నూనె చర్మాన్ని కాలుస్తుంది కాబట్టి స్పర్శ ఉన్నవారు మంట తెలియగానే చేయి తీసి కడుక్కుంటారు, లేనివారికి ఆ హెచ్చరిక అందదు. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని దువ్వి సన్ననూలు వడికే పనికి బొటనవేలు, చూపుడువేలు చిటికెలా కలవడం ప్రాణం. మీడియన్ నాడి పోయిన చేయి ఆ పనికి పూర్తిగా దూరమవుతుంది.

శస్త్రచికిత్స, తరువాతి మూడు వారాలు

వంకరపోయిన చేతికి బలంగా ఉన్న మరో కండరపు టెండన్‌ను, అంటే కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనాన్ని, మళ్లించి కుట్టే శస్త్రచికిత్సకు వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పాల్ బ్రాండ్ శ్రీకారం చుట్టాడు. తొలి శస్త్రచికిత్స జరిగిన ఏడాది 1947 అని కొన్ని, 1948 అని కొన్ని జీవితకథనాలు చెబుతాయి. వైద్యుడు కాకముందు వడ్రంగం, తాపీపని నేర్చుకున్న బ్రాండ్, చేయి సరిచేసి పంపినవారు ఇళ్లకు వెళ్లి మళ్లీ పుండ్లతో రావడం చూసి, 1950ల ఆరంభంలో నవజీవ నిలయం అనే చిన్న ఆవాసాన్ని నెలకొల్పి అక్కడ వడ్రంగి పనిముట్లతో వారు పనిచేస్తుండగా ఏ గాయం ఏ కదలిక వల్ల అయిందో వెతికాడు. వేళ్లు రాలిపోవడానికి కారణం రోగపు ‘కుళ్లు’ కాదని, నొప్పి తెలియకపోవడం వల్ల జరిగే చిన్న చిన్న దెబ్బలని ఆ పరిశీలన తేల్చింది. పనిచికిత్స పరిశోధన అన్న పేరు పెట్టకపోయినా అది అదే.

టెండన్ మళ్లించిన తరువాత చేతిని మూడు వారాలకు పైగా పిండికట్టులో కదలకుండా ఉంచి, ఆపై వ్యాయామాలు మొదలుపెట్టడం దశాబ్దాల పాటు సాగిన పద్ధతి. కొత్తగా కుట్టిన చోట టెండన్ జారిపోతుందన్న భయమే దీనికి మూలం. ఈ భయాన్ని పరీక్షకు పెట్టిన అధ్యయనం విజయనగరం–రాయపూర్ రైలు మార్గంలో పార్వతీపురం, రాయగడ దాటాక వచ్చే మునిగుడలో జరగడం ఈ ప్రాంతపు పాఠకులకు ప్రత్యేకంగా గుర్తుంచుకోదగ్గది. అక్కడి హోయినా లెప్రసీ రీసెర్చ్ ట్రస్టు ఆసుపత్రిలో శస్త్రవైద్యుడు సంతోష్ రథ్, నెదర్లాండ్స్‌లోని రాటర్‌డాం ఎరాస్మస్ వైద్య కేంద్రానికి చెందిన చేతిచికిత్స పరిశోధకులతో కలిసి, రెండో రోజునే నియంత్రిత పరిధిలో వేళ్లు కదిపించే పద్ధతిని పాత పద్ధతితో పోల్చాడు. బొటనవేలి ఎదురు కదలికపై 2006లో, కొంకర వేళ్లపై 2008లో ఫలితాలు వెలువడ్డాయి. రోగులను చీట్లు వేసినట్టు యాదృచ్ఛికంగా రెండు గుంపులుగా విభజించిన పరీక్ష 2009లో చేతి శస్త్రచికిత్సకు సంబంధించిన అమెరికా పత్రికలో అచ్చయింది.

కుట్లు జారలేదు, వంకర సరిదిద్దుకోవడంలో రెండు గుంపులకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, కాని ముందుగా కదిలించిన గుంపు నొప్పి త్వరగా తగ్గి, సుమారు మూడు వారాలు ముందుగా రోజువారీ పనులకు తిరిగి వెళ్లగలిగింది. కూలి మీద బతికే ఇంటికి మూడు వారాలంటే ఒక ఊడ్పుల కాలమంత. ఇక్కడ గమనించవలసినది, పరిశోధకులు గెలుపును కీలు వంపు డిగ్రీల్లో మాత్రమే కాక పనికి చేరిన రోజుల్లో కూడా లెక్కించడం. అయితే ఈ ఫలితాన్ని జాగ్రత్తగా చదవాలి. అనుభవజ్ఞుడైన ఒకే శస్త్రవైద్యుడు, ఒకే ఆసుపత్రి, బిగుసుకుపోకుండా ఇంకా మెత్తగా కదిలే వేళ్లు, రోజూ దగ్గరుండి చూసే చికిత్సకుడు అన్న నాలుగు షరతులు కలిసినప్పటి ఫలితమిది. చికిత్సకుడు లేనిచోట పిండికట్టే మేలన్న పాతవారి వాదన అందువల్ల పూర్తిగా కొట్టివేయదగినది కాదు. అయినా తగిన సిబ్బంది ఉన్నచోట ముందస్తు కదలికకే మొగ్గు చూపడం నేడు న్యాయంగా కనిపిస్తుంది.

కొలమానాలు

కోలుకున్నారని ఎలా చెప్పాలన్నది ఈ రంగంలోని చిక్కుముడి. అమెరికాలోని మేరీలాండ్‌లో మహోనీ, బార్తెల్ 1965లో ప్రచురించిన బార్తెల్ సూచిక పది నిత్యకృత్యాలకు 0 నుంచి 100 వరకు మార్కులు వేస్తుంది. పక్షవాతం వచ్చినవారికి అది నేటికీ ప్రామాణికమే. కాని ఆ సూచికలో తినడం అన్న అంశం ముక్కలు కోసుకోవడం, రొట్టె మీద వెన్న రాసుకోవడం చుట్టూ తిరుగుతుంది. నేల మీద బాసింపట్టు వేసి కూర్చోవడం, గొంతుకు కూర్చోవడం అందులో కనబడవు. చదువురాని గ్రామీణ వృద్ధుల కోసం హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో భారత–అమెరికా బృందం 1999లో వేరొక కొలమానాన్ని రూపొందించడానికి కారణం ఇటువంటి ఇబ్బందులే.

కుష్ఠు, మధుమేహం వల్ల స్పర్శ పోయినవారి కోసం భారత్, నైజీరియా, చైనా, బ్రెజిల్, ఇజ్రాయెల్ దేశాల పరిశోధకులు కలిసి రూపొందించిన సాల్సా ప్రశ్నావళి 2007లో వెలువడింది. అందులో 20 ప్రశ్నలున్నాయి: ఒట్టికాళ్లతో నడవడం, ఎగుడుదిగుడు నేల మీద నడవడం, గొంతుకు కూర్చోవడం, వేడి ద్రవం పోయడం, నాణేలు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, గుండీలు పెట్టుకోవడం వంటివి. మొత్తం స్కోరు గరిష్ఠంగా 80; స్కోరు పెరిగిన కొద్దీ ఇబ్బంది పెరిగినట్టు. దీనిలోని అసలు తెలివి రెండో స్కోరులో ఉంది. ఒక పనిని చేతకాక మానేస్తున్నారా, లేక కాలుతుందని, గాయమవుతుందని తెలిసి జాగ్రత్తకోసం మానేస్తున్నారా అన్నది విడిగా లెక్కిస్తారు. స్పర్శ లేని చేతితో గంజి వార్చడం మాని పక్కవారికి అప్పగించడం ఇతర కొలమానాల్లో ఓటమి, ఇందులో జాగ్రత్త. ఈ ప్రాంతపు కుష్ఠు బాధితులకు బార్తెల్ కన్నా ఇదే తగినదనడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు. ఇంటి గడప దాటాక ఊరిలో, పెళ్లిళ్లలో, పనిచోట తోటివారితో సమానంగా పాల్గొనగలుగుతున్నారా అని 18 ప్రశ్నలతో అడిగే పార్టిసిపేషన్ స్కేలు 2006 నాటిది.

సాలూరు, విజయనగరం

ఘాట్ రోడ్డు మొదలయ్యే చోట ఉన్న సాలూరులోని ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి, 1874లో పుట్టిన లెప్రసీ మిషన్ నిర్వహణలో, ఆంధ్ర–ఒడిశా సరిహద్దుకు ఇరువైపుల రోగులకూ పుండ్ల చికిత్స, చేతి–పాదాల శస్త్రచికిత్స అందించినది. అదే సంస్థ విజయనగరంలో నడిపిన వృత్తి శిక్షణ కేంద్రం కుష్ఠు బాధిత కుటుంబాల యువతకు చేతిపనులు నేర్పింది. ఆసుపత్రి, శిక్షణ కేంద్రం 2022 వరకు ఒకే జిల్లాలో ఉండడం చిన్న విషయం కాదు: కుట్టిన టెండన్ పనిచేస్తోందా అన్నది పరీక్షగదిలో కన్నా రెంచి తిప్పుతున్నప్పుడు, కుట్టుమిషను కింద బట్ట జరుపుతున్నప్పుడు బాగా తెలుస్తుంది. పనిముట్ల పిడులకు గుడ్డ చుట్టి లావు చేయడం, కొడవలి పిడిని చేతి అచ్చుకు తగ్గట్టు మలచడం వంటి మార్పులు ఈ రంగంలో ఖరీదైన యంత్రాల కన్నా ఎక్కువ కాలం నిలిచాయి.

కుష్ఠును దాటి చూస్తే, పక్షవాతం విషయంలో ఈ జిల్లాలకే ప్రత్యేకించిన పరిశోధన పలుచన. దేశంలోని 14 ఆసుపత్రుల్లో 1250 మందిపై జరిగి 2017లో లాన్సెట్‌లో వెలువడిన ‘అటెండ్’ పరీక్షలో, కుటుంబసభ్యులకు శిక్షణ ఇచ్చి ఇంటి దగ్గర వ్యాయామాలు చేయించిన గుంపులోనూ, మామూలు సంరక్షణ పొందిన గుంపులోనూ ఆరు నెలలకు మరణించిన లేదా ఇతరులపై ఆధారపడిన వారు 47 శాతమే. ఇంట్లోవాళ్లకు నేర్పితే చాలునన్న ఆశను ఈ ఫలితం గట్టిగానే సవాలు చేసింది.

మళ్లీ కుష్ఠుకు వస్తే, పాదాల సంగతి చేతుల కన్నా మొండిది. కాలి నరం పోయి పాదం వాలిపోయినవారు అడుగు వేసినప్పుడల్లా వేళ్లు నేలను గీసుకుంటాయి. అరికాలి నరం పోయినవారికి ముల్లు దిగినా తెలియదు. 2007 నాటి జాతీయ వైకల్య నివారణ మార్గదర్శకాల కింద మెత్తటి ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులు ఉచితంగా ఇస్తారు. రోడ్డు మీద, ఇంటి చుట్టూ అవి చక్కగా కాపాడతాయి. కాని ఊడ్పుల్లో మోకాలిలోతు బురదమడిలో ఏ చెప్పూ నిలవదు కాబట్టి, అక్కడ చికిత్సకులు చెప్పే మాట వేరు: మడి నుంచి గట్టెక్కగానే కాళ్లు కడుక్కుని, వెలుతురులో అరికాలు తిప్పి చూసుకుని, కాసేపు నీళ్లలో నానబెట్టి, తడి ఆరకముందే నూనె రాసుకోవడం.