రోములస్ విటేకర్

రోములస్ విటేకర్ (జననం 1943 మే 23, న్యూయార్క్) భారతదేశాన్ని స్వదేశం చేసుకున్న ప్రకృతి శాస్త్రవేత్త, రచయిత, వన్యప్రాణి ఛాయాగ్రాహకుడు, చిత్రనిర్మాత. పాములు, మొసళ్లు ఆయన రంగం. వాటిని కాపాడాలంటే ముందు వాటి మధ్య బతికే మనుషులకు బతుకుతెరువు ఉండాలని పట్టుబట్టడమే ఆయన కృషిలో అన్నిటికన్నా విలువైనది.

1951లో తల్లి, మారుతండ్రి రామా చటోపాధ్యాయలతో కలిసి బొంబాయి వచ్చారు. రామా తండ్రి హరీంద్రనాథ్ హైదరాబాదులో పుట్టిన కవి, సరోజినీ నాయుడికి తమ్ముడు. అలా ఈ అమెరికా బాలుడికి తెలుగు నేలతో దూరపు చుట్టరికం కలిసింది. కొడైకెనాల్‌లో చదువు, తర్వాత అమెరికాలో మయామీ సర్ప కేంద్రంలో బిల్ హాస్ట్ దగ్గర పని, కొంతకాలం సైనిక సేవ. 1967లో తిరిగివచ్చి, ఆపైన భారత పౌరసత్వం తీసుకున్నారు.

మద్రాసు స్నేక్ పార్కు, 1976లో మహాబలిపురం దారిలో మొసళ్ల బ్యాంకు ఆయన చేతుల మీదుగా వెలిశాయి. పాము చర్మాల వ్యాపారంపై నిషేధం వచ్చాక పాములు పట్టడమే వృత్తిగా ఉన్న ఇరుల కుటుంబాలు వీధిన పడ్డాయి. ఆయన తోడ్పాటుతో 1978లో ఏర్పడిన ఇరుల సహకార సంఘం ఆ నేర్పునే కొత్త దారి పట్టించింది: పామును పట్టి, విషం తీసి, తిరిగి అడవిలో వదలడం. పాముకాటు మందు తయారీకి కావలసిన విషం ఎక్కువగా ఇక్కడి నుంచే వెళుతుంది.

1978లో వచ్చిన ఆయన పుస్తకం ‘కామన్ ఇండియన్ స్నేక్స్’, 2004లో అశోక్ కెప్టెన్‌తో రాసిన ‘స్నేక్స్ ఆఫ్ ఇండియా’ నేటికీ పాములను గుర్తుపట్టడానికి తొలి ఆసరా. గిరినాగు మీద తీసిన చిత్రానికి 1998లో ఎమ్మీ వచ్చింది; 2018లో ఆయనకు పద్మశ్రీ అందింది.

దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని తేల్చిన 2020 నాటి అధ్యయనంలో ఆయన సహరచయిత. ఆ మరణాలు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఉంది. పొలం గట్ల మీద చీకట్లో చెప్పులు లేకుండా నడిచే రైతుకూలీలే వీటికి ఎక్కువగా బలి.

అండమాన్ దీవులతో ఆయన అనుబంధం 1970లలో ఉప్పునీటి మొసళ్ల సర్వేతో మొదలైంది. 1990 ప్రాంతంలో మొసళ్ల బ్యాంకు తరఫున దక్షిణ అండమాన్‌లోని వండూరులో అండమాన్ నికోబార్ పర్యావరణ బృందం కేంద్రం పెట్టారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి అక్కడికి రోడ్డు ప్రయాణమే. 1920లలో బర్మా నుంచి వచ్చి మాయాబందర్ వైపు స్థిరపడిన కరెన్ జనం ఈ కేంద్రానికి దన్ను. పడవ నడపడం, అడవి దారులు వెతకడం వాళ్లకు వెన్నతో పెట్టిన విద్య. పగడపు దిబ్బలు, మడ అడవులు, సముద్ర తాబేళ్ల మీద పనిచేసే పరిశోధకులకు ఈ కేంద్రం స్థావరం. పాముకాటు విషయంలోనూ ఈ దీవులు వేరు: మన దేశంలో పాముకాటు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజర అనే నాలుగు పాముల విషంతో తయారవుతుంది. ఈ దీవుల్లోనే ఉండే అండమాన్ నాగు, అండమాన్ కట్లపాము ఆ నాలుగింటిలో లేవు.